పాత రౌటరు, ఖాళీ డబ్బాలతో పొలమునకు వైర్‌లెస్ మార్గము

వ్యవసాయాధికారి, బి.యస్సి. (అగ్రి.), మందమర్రి

సేద్యమునకు అదనులో కురిసిన వాన ఎంతటిదో, అదనులో తెలిసిన మాటయు అంతటిది. ప్రత్తి చేనిలో లింగాకర్షక బుట్టలు పెట్టిన రైతు ప్రతి ఉదయము వానిలో పడిన రెక్కల పురుగులను లెక్కించును. వరుసగా మూడు దినములు బుట్ట ఒక్కింటికి ఎనిమిదేసి గులాబీ రంగు పురుగు రెక్కల పురుగులు పడినచో నివారణ చర్యకు సమయము వచ్చినదని గుర్తు. ఏ మందు, ఎంత మోతాదు అని అడుగవలసినది అప్పుడే. కాయను చీల్చి పురుగును ఫోటో తీసి పంపవలసినది చేని గట్టునుండియే. కాని మన మందమర్రి ప్రాంతములో ఊరిలో చక్కగా పలుకు ఫోను కొన్నిచోట్ల బావి వద్దకు పోవుసరికి మూగబోవుచున్నది. ఉపరితల గనుల మట్టిదిబ్బల చాటునను, గాంధారి ఖిల్లా వైపు గుట్టల వాలునను ఉన్న కొన్ని చేలలో ఈ ఇబ్బందిని నేను స్వయముగా చూచితిని.

ఊరిలో ఇంటివద్దనో, పంచాయతీ భవనమునందో తీగ ద్వారా వచ్చు ఇంటర్నెట్టు ఉన్నయెడల దానిని ఒక కిలోమీటరు లోపున నున్న పొలమునకు గాలిలో పంపవచ్చును. అందుకు కావలసిన సామానులో పెక్కుభాగము మన అటకల మీదను, పాత సామాను అంగళ్ళలోను పడియున్నది. పూర్వము తపాలా సంచి మజిలీ మజిలీకి చేతులు మారుచు పోయినట్లే, వార్తను ఒకచోట అందుకొని వేరొకచోటికి అందించు పెట్టెను ఇంజనీర్లు ‘నోడు’ అందురు. ఈ వ్యాసములో దానిని మజిలీ పెట్టె అని పిలుచుకొందము.

మొదటనే ఒక మాట. ఈ పని చేయబూనినవారు రేడియో గురించియే ఎక్కువగా ఆలోచింతురు. కాని మజిలీ పెట్టె బ్రతుకునకు ఆధారములు మూడు: ఎత్తు, పొడి, నిలకడగల కరెంటు. రేడియో వీని తరువాతనే. ఏ వస్తువు పాతది వాడి పైకము మిగుల్చుకొనవచ్చునో, ఏ వస్తువు వద్ద లోభము పనికిరాదో తెలిసికొనుటయే ఈ పాఠము.

ఇది క్రొత్త వింత కాదు

వై-ఫై అనునది ఇంటిలో గదినుండి గదికి పనిచేయుటకు పుట్టినది. దానినే పల్లెలనడుమ దూరముగా పంపవచ్చునని మన దేశములోనే చేసి చూపిరి. కాన్పూరు ఐ.ఐ.టి. వారు 2002 ప్రాంతమున గంగా మైదానములో పెద్ద యాంటెన్నాలు, ఎత్తైన స్తంభములు నిలిపి ముప్పది కిలోమీటర్లకు పైబడిన దూరమునకు కూడ వై-ఫై నడిపిరి. తెలుగు నేలపై పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ వారు ‘అశ్విని’ అను పేర గ్రామములను ఈ విధముగనే కలిపి చదువు, వైద్యము, వ్యవసాయ సలహాలను అందించిరి. హిమాలయములలోని ధర్మశాలలో 2005లో మామూలు ఇంటి రౌటర్లకు మార్పులు చేసి, వానకు తట్టుకొను పెట్టెలలో పెట్టి, కొండల నడుమ మజిలీ వల అల్లిరి. తమిళనాడులో అరవింద కంటి ఆసుపత్రి వారు తేని ప్రాంతపు పల్లెలలోని నేత్ర పరీక్షా కేంద్రములను ఇట్టి లంకెలతో వైద్యుల కడకు చేర్చిరి.

ఈ ప్రయత్నములనుండి రెండు సంగతులు తేలినవి. ఒకటి, రేడియో పరికరము చౌక, దానిని నిలుపు ఎత్తైన స్తంభము ఖరీదు. రెండవది, పరికరములు చెడుటకు ఎక్కువ కారణము హెచ్చుతగ్గుల కరెంటు, రేడియో దోషములు తక్కువ. పెద్ద సంస్థలకు ఎదురైన ఈ రెండు చిక్కులే మన బావి గడ్డ మీదను ఎదురగును.

మొదట చోటు, తరువాత సామాను

ముందుగా పొలమున నాలుగు మూలల ఫోను తిప్పి చూడవలెను. ఏ ఒక్క కంపెనీ సిగ్నలైనను చాలినంత ఉన్నచో ఈ శ్రమ అవసరము లేదు. లేనియెడల ఇంటి డాబా ఎక్కి చూడుడు. బావి వద్ద పెట్టదలచిన స్తంభపు కొన కంటికి కనబడవలెను. వై-ఫై తరంగములు గుట్టను, మట్టిదిబ్బను దాటవు. గోడను, చెట్టును దాటునప్పుడు చాలావరకు క్షీణించును.

కంటికి కనబడుట ఒక్కటియే చాలదు. తరంగము దారపు పోగువలె పోదు. నడుమ ఉబ్బిన కండెవలె వ్యాపించి పోవును. ఆ ఉబ్బులో ముఖ్యభాగమునకు అడ్డు ఉండరాదు. రెండు కొనల నడుమ దూరము అర కిలోమీటరైనచో మధ్యచోట చూపు గీతకు క్రింద సుమారు రెండున్నర మీటర్లు, ఒక కిలోమీటరైనచో సుమారు మూడున్నర మీటర్లు ఖాళీ ఉండవలెను. ఈ ఖాళీని నేలనుండి కాక, ఎదిగిన పంట తలనుండి కొలువవలెను. నడుమ రెండున్నర మీటర్లు ఎదుగు మొక్కజొన్న ఉన్నచో కిలోమీటరు లంకెకు రెండు కొనలును సుమారు ఆరు మీటర్ల ఎత్తున ఉండవలెనన్నమాట.

ఇందులో నేను చేసిన పొరపాటు చెప్పెదను. ఒక రైతు ఇంటి డాబానుండి ఆయన బావి వద్దకు, సుమారు 700 మీటర్లు, మే నెలలో లంకె కట్టితిని. చేలు ఖాళీ. దారిలోని టేకు చెట్లు ఆకు రాల్చి మోడులై యున్నవి. లంకె చక్కగా పనిచేసినది. తొలకరికి టేకు చిగిర్చి, ఆకు చేటంత పెరిగినది, చేలలో మొక్కజొన్న లేచినది. వాన పడిన ప్రతిసారి లంకె తెగసాగినది. వాన చినుకులు ఈ తరంగములను అంతగా ఆపవు, తడిసిన ఆకులు ఆపును. ఆ సంగతి తెలిసియు నేను ఎండకాలపు చేనినే చూచితిని. ఆ రైతు పురుగు ఫోటో పంపిన దినమున అది నాకు చేరలేదు. చేరినదనుకొని ఆయన జవాబు కొరకు రెండు దినములు కాచుకొనెను. పరికరము లేనిచో ఆనాడే నడచి వచ్చి అడిగియుండును. పని చేయుచున్నదో లేదో తెలియని పరికరము అసలు లేనిదానికంటె చేటని అప్పుడు గ్రహించితిని. తరువాత స్తంభమును మూడు మీటర్లు పెంచి, టేకు వరుసను తప్పించి నిలిపితిమి. కావున లంకె దారిని భాద్రపద మాసపు చేనిని తలచుకొని నిర్ణయింపవలెను. పంపిన వార్తకు తిరుగు జవాబు వచ్చు వరకు వార్త చేరినదని నమ్మరాదు.

ఏవి పాతవి వాడవచ్చును, ఏవి కొనవలెను

పాతవి చాలునవి: 1. వై-ఫై రౌటర్లు రెండు, యాంటెన్నాను మర త్రిప్పి విప్ప వీలైనవి. 2. రేకు డబ్బాలు రెండు. 3. మూత గట్టిగా బిగియు ప్లాస్టిక్ డబ్బాలు. 4. కంప్యూటరుకు వాడు నెట్‌వర్కు కేబులు. 5. చెద పట్టని ఎండు వెదురు బొంగు లేక పాత జి.ఐ. పైపు. 6. పరీక్షలో నెగ్గిన బ్యాటరీ. 7. అద్దము పగులని సోలారు పలక.

క్రొత్తవి కొనవలసినవి: 1. డబ్బాకు బిగించు ‘ఎన్’ రకపు సాకెట్టు. 2. సాకెట్టునుండి రౌటరుకు పోవు పొట్టి కేబులు. 3. సోలారు ఛార్జి కంట్రోలరు. 4. రౌటరుకు తగిన వోల్టేజి నిచ్చు చిన్న కన్వర్టరు. 5. ఫ్యూజు. 6. ఎర్తు కడ్డీ, తీగ. ఈ ఆరింటిలో చేయి ముడిచినచో మిగిలిన సామానంతయు నష్టమగును.

రెండు వస్తువులను ముట్టరాదు. పురుగుమందు ఖాళీ డబ్బాలు, సీసాలు కొలతకు సరిపోవునట్లు కనబడినను ఈ పనికి వాడరాదు. వానిని కోయునప్పుడు, టంకము వేయునప్పుడు మిగిలిన విషము చేతికి, ఊపిరికి అంటును. 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనల ప్రకారము అట్టి ఖాళీ డబ్బాలను మరల వాడుటకు వీలులేకుండ పగులగొట్టి, నివాసములకు దూరముగా పాతిపెట్టవలెను. రెండవది, గనులకు చెందిన కేబులు గాని, ఇనుము గాని ఎవరు తెచ్చి అమ్మజూపినను కొనరాదు. అది సంస్థ ఆస్తి.

డబ్బా యాంటెన్నా

రౌటరుకుండు చిన్న యాంటెన్నా దీపము బుడ్డివలె నలుప్రక్కల వెలుగునిచ్చును. రేకు డబ్బా దానిని టార్చిలైటువలె ఒకవైపునకు త్రిప్పును. డబ్బా గుండ్రముగా, ఒక అడుగు మూసి, ఒక నోరు తెరచి ఉండవలెను. నెయ్యి, తినుబండారముల రేకు డబ్బాలలో తగినవి దొరకును. లోపలి వ్యాసము 80 నుండి 90 మిల్లీమీటర్ల వరకు ఉండవలెను. 73 మిల్లీమీటర్లకు తగ్గినచో తరంగము డబ్బాలో నడువనే నడువదు. 92 దాటినచో చెదరును.

డబ్బా ప్రక్కన ఒక రంధ్రము చేసి సాకెట్టు బిగింపవలెను. సాకెట్టు నడిమి సూదికి రెండు మిల్లీమీటర్ల దళసరి రాగి తీగను టంకముతో అతికి, సూదితో కలిపి డబ్బా లోపల 31 మిల్లీమీటర్లు నిలుచునట్లు కత్తిరింపవలెను. ఈ కొలత తరంగము పొడవులో నాల్గవ వంతు. మూసిన అడుగునుండి రంధ్రము ఎంత దూరమున ఉండవలెనో డబ్బా వ్యాసమును బట్టి మారును:

వ్యాసము 80 మి.మీ.: అడుగునుండి రంధ్రము 71 మి.మీ., డబ్బా పొడవు 213 మి.మీ.
వ్యాసము 83 మి.మీ.: రంధ్రము 62 మి.మీ., పొడవు 186 మి.మీ.
వ్యాసము 86 మి.మీ.: రంధ్రము 56 మి.మీ., పొడవు 169 మి.మీ.
వ్యాసము 90 మి.మీ.: రంధ్రము 51 మి.మీ., పొడవు 154 మి.మీ.

డబ్బా పొట్టియైనచో అదే వ్యాసము గల రెండవ డబ్బా అడుగు కోసివేసి, చుట్టును టంకముతో అతికి పొడిగింపవచ్చును. నోటికి పలుచని ప్లాస్టిక్ మూత పెట్టవలెను, రేకు మూత పెట్టరాదు. నిలిచిన తేమ కారిపోవుటకు అడుగు ప్రక్కన చీమ దూరునంత రంధ్రము ఉంచవలెను. వెలుపల రంగు వేసినచో తుప్పు పట్టదు.

రెండు కొనలలోని రాగి సూదులును ఒకే తీరున, అనగా రెండును నిలువుగా గాని రెండును అడ్డముగా గాని ఉండవలెను. ఒకటి నిలువు, ఒకటి అడ్డము అయినచో సిగ్నలులో నూరవ వంతు మాత్రమే చేరవచ్చును. ‘యాంటెన్నా చెడినది’ అని నా వద్దకు తెచ్చినవానిలో చూడవలసిన మొదటి సంగతి ఇదియే.

రౌటరునుండి డబ్బాకు పోవు సన్నని కేబులులో మీటరుకు సుమారు ఒక డెసిబెల్ నష్టమగును. మూడు డెసిబెల్లులు పోయినచో సగము బలము పోయినట్లు. కావున రౌటరును క్రింద గదిలో ఉంచి మూడు మీటర్ల కేబులుతో డబ్బాను పైన కట్టినచో ఆదిలోనే సగము పోగొట్టుకొన్నవారమగుదుము. రౌటరు డబ్బా వెనుకనే పైన ఉండవలెను. కరెంటు మాత్రము క్రిందనుండి నెట్‌వర్కు కేబులులో పోవచ్చును. నూరు మెగాబిట్ల రౌటర్లలో నీలిరంగు జత, గోధుమరంగు జత తీగలు వార్తకు ఉపయోగపడవు. నీలిరంగు జతను ధనమునకు, గోధుమరంగు జతను ఋణమునకు వాడవచ్చును. పది మీటర్ల కేబులులో అర వోల్టు లోపుగనే తగ్గును.

వాన, ఎండ, ధూళి

ఇంటి రౌటర్లు సాధారణముగా 40 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి వరకే తట్టుకొనునట్లు చేయబడినవి. మన ప్రాంతమున మే నెలలో నీడపట్టుననే 45 డిగ్రీలు తగులుట కలదు. ఎండలోని మూసిన పెట్టె లోపల ఇంకను పెరుగును. కావున పెట్టెకు తెల్లరంగు వేసి, దానిపై అంగుళము ఎడముగా మరియొక తెల్లని రేకునో, ప్లాస్టిక్ పలకనో గొడుగువలె కట్టవలెను. నడుమ గాలి ఆడుటచే వేడిమి చాలావరకు తగ్గును. తెల్లరంగు ప్లాస్టిక్ పెళుసెక్కకుండ కూడ కాపాడును.

పెట్టె పైభాగమున గాని, ప్రక్కలను గాని ఒక్క రంధ్రమైనను చేయరాదు. తీగలన్నియు అడుగునుండియే పోవలెను. తీగ పెట్టెలోనికి ఎక్కుటకు ముందు జానెడు క్రిందికి వ్రేలాడి మరల పైకి పోవునట్లు వంపు వదలవలెను. తీగవెంట జారు నీరు ఆ వంపు వద్ద బొట్లుగా రాలిపోవును. వంపు లేనియెడల తీగయే కాలువయై నీటిని పెట్టెలోనికి చేర్చును. అడుగున రెండు చిన్న గాలి రంధ్రములు చేసి సన్నని వలగుడ్డ అతికింపవలెను. లేనిచో కందిరీగలు, చీమలు, బల్లులు కాపురము పెట్టును.

బొగ్గు లారీలు తిరుగు బాటల సమీపమున సోలారు పలకపై నల్లని ధూళి పేరుకొనును. వారమునకొకసారి ఉదయపు చల్లని వేళ తడిగుడ్డతో తుడువవలెను. పలక ముఖము దక్షిణమునకు, వాలు సుమారు 19 డిగ్రీలు ఉండవలెను. మందమర్రి అక్షాంశము అంతే.

కరెంటు లెక్క

ఈ లెక్క వేయనివారి పెట్టెలు మొదటి ముసురుకే ఆరిపోవును. పాత రౌటరు ఒకటి సుమారు 5 వాట్లు తీసికొనునని అనుకొందము. రేయింబవళ్ళు నడిపినచో దినమునకు 120 వాట్-గంటలు. అంతటిని సోలారుతో తీర్చవలెనన్న 60 వాట్ల పలక, 40 ఆంపియర్-గంటల బ్యాటరీ కావలెను. ఇది చౌక పని కాదు.

చేను వద్ద మనకు పని ఉదయము 5 నుండి 9 వరకు, సాయంకాలము 4 నుండి 8 వరకు. ఎనిమిది గంటలు మాత్రమే నడిపినచో ఖర్చు 40 వాట్-గంటలు. మబ్బు దినములలో మూడు గంటల మంచి ఎండయే దొరకుననియు, నూటికి ముప్పది వంతులు దారిలో పోవుననియు లెక్కించినను 20 వాట్ల పలక సరిపోవును. రెండు దినములు ఎండ లేకున్నను నడుచుటకును, బ్యాటరీని సగమునకు మించి పిండకుండుటకును 14 ఆంపియర్-గంటలు కావలెను. స్విచ్చి ఒకటి పెట్టుకొని రైతు చేతితో వేసి ఆర్పినచో ఖర్చు మూడవ వంతుకు తగ్గుచున్నదని గమనింపుడు. ఊరి కొన మాత్రము ఇంటి కరెంటుతో నడచును. దానికి స్టెబిలైజరు గాని, పాత యూపీయస్ గాని ఆసరా ఉండుట మంచిది.

పాత బ్యాటరీని నమ్ముటకు ముందు పరీక్షింపవలెను. పూర్తిగా ఛార్జి చేసి, కొన్ని గంటలు ఊరకుంచి, ట్రాక్టరు ఇండికేటరు బల్బు (12 వోల్టులు, 21 వాట్లు) తగిలించి గడియారము చూడుడు. యూపీయస్‌లలో వాడు 7 ఆంపియర్-గంటల బ్యాటరీ క్రొత్తదైనచో 11 వోల్టులకు దిగుటకు సుమారు మూడు గంటలు పట్టును. గంటన్నర కూడ నిలువనిదానిని వాడరాదు. నిలిచినవానిలోను సగము సత్తువయే ఉండునని తలచి రెండింతల బ్యాటరీలు పెట్టవలెను.

బ్యాటరీ ధన తీగకు దగ్గరగనే 2 ఆంపియర్ల ఫ్యూజు ఉండవలెను. ఛార్జి అగునప్పుడు 12 వోల్టుల బ్యాటరీ 14 వోల్టులు దాటును. 9 వోల్టుల రౌటరుకు దానిని నేరుగా తగిలించినచో కాలిపోవును. అందుకే కన్వర్టరు. బ్యాటరీని గాలి చొరని పెట్టెలో బిగింపరాదు, దానినుండి మండు వాయువు వెలువడును. పాత లాప్‌టాప్‌లనుండి తీసిన లిథియం సెల్లులు తేలికగాను, చౌకగాను దొరకును. మన ఎండలకు మూసిన పెట్టెలో అవి అంటుకొను ప్రమాదము కలదు. ఈ పనికి వానిని వాడవలదు.

రౌటరు అమరిక

పాత రౌటరులోని పూర్వపు అమరికను తుడిచివేసి, వీలైనచో ‘ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ’ అను ఉచిత సాఫ్టువేరును ఎక్కింపవలెను. ఒక కంపెనీ 2003లో తన రౌటరు యొక్క మూల కోడును వెల్లడింపగా దాని ఆధారముగా పుట్టినది ఇది. తయారీదారు వదలివేసిన అనేక రౌటర్లకు ఇది మరల జీవము పోయుచున్నది. ఊరిలోని పనితెలిసిన యువకుల చేత దీనిని చేయించుకొనవచ్చును.

ఊరి కొన రౌటరు ‘యాక్సెస్ పాయింటు’గను, చేని కొన రౌటరు ‘రిపీటరు’గను ఉండవలెను. రిపీటరులో వేగము సగమగును. ఫోటోలకు, మాటలకు అది చాలును. రెండు యాంటెన్నాలున్న రౌటరులో ఒకటి డబ్బాకు కలిపి, రెండవదానిని అట్లే ఉంచినచో బావి చుట్టునున్న ఫోన్లకు అందును. ఛానెలు 1, 6, 11 లలో ఇరుగుపొరుగు వాడనిదానిని ఎన్నుకొనవలెను. వెడల్పు 20 మెగాహెర్ట్జులకు మించరాదు. పాస్‌వర్డు తప్పక పెట్టవలెను.

ఒకరు ఊరి కొనను, ఒకరు చేని కొనను నిలిచి, సిగ్నలు అంకె చూచుచు డబ్బాలను మెల్లగా త్రిప్పవలెను. ఆ అంకె ముందు ఋణచిహ్నము ఉండును. చిహ్నమును విడిచి చూచిన అంకె 75 లోపు ఉన్నచో లంకె గట్టిది. 80 దాటినచో ఆకు తడిసిన నాడు తెగును. పై కొలతల డబ్బాలు రెండు కొనల ఉండి, నడుమ అడ్డులేనిచో ఒక కిలోమీటరుకు లెక్క ప్రకారము 70 దరిదాపుగా వచ్చును.

ప్రాణమునకు మించినది లేదు

స్తంభము ఎత్తునప్పుడే చావులు జరుగును. బావుల వద్దకు వచ్చు కరెంటు తీగలకు, ట్రాన్స్‌ఫార్మరునకు స్తంభము ఎత్తునకు ఒకటిన్నర రెట్లు దూరమున మాత్రమే దానిని నిలుపవలెను. ఆరు మీటర్ల స్తంభమైన తొమ్మిది మీటర్ల దూరము. అది ఏ వైపు కూలినను తీగను తాకరాదు. పచ్చి వెదురు, తడిసిన వెదురు కూడ కరెంటును ప్రసరింపజేయును. విద్యుత్తు శాఖ స్తంభములకు డబ్బాలు కట్టుట నేరము, ప్రాణాపాయము. గాలివాన సమయమున, ఒంటరిగా స్తంభము ఎత్తరాదు. ముగ్గురైనను ఉండి, మూడు వైపుల లాగుడు తీగలు కట్టి నిలుపవలెను.

డబ్బానుండి దళసరి జి.ఐ. తీగను నేరుగా క్రిందికి దింపి, తేమగల నేలలో ఎనిమిది అడుగుల కడ్డీకి బిగింపవలెను. ఇది పిడుగును ఆపదు, చిన్న తాకిడులను నేలకు దింపును. ఉరుము వినబడగనే కేబులు ఊడదీసి, స్తంభమునకు దూరముగా పోవలెను. ‘దామిని’ యాప్ సమీపమున పడు పిడుగులను గురించి ముందుగా హెచ్చరించును. చేనికి ఇంటర్నెట్టు వచ్చిన పిదప మొదట పెట్టుకొనదగినది అదియే.

చట్టము, గ్రామాధికారులకు సూచన

2005 జనవరిలో భారత ప్రభుత్వము 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని తక్కువ శక్తిగల పరికరములకు లైసెన్సునుండి మినహాయించినది. యాంటెన్నా బలముతో కలిపి 4 వాట్లు దాటరాదు. మన రౌటరు, డబ్బా కలిసినను అర వాటు లోపే. బలము పెంచు ఆంప్లిఫైయరు తగిలింపరాదు. ఇంటి కనెక్షనును ఇరుగుపొరుగునకు పంచదలచినవారు కంపెనీ షరతులు చదువవలెను. వెల తీసికొని ఇవ్వదలచినచో 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన పి.ఎం.-వాణి పథకము క్రింద నమోదు చేసికొను మార్గము కలదు.

గ్రామాధికారులు పంచాయతీ భవనమును గాని, రైతు వేదికను గాని ఊరి కొనగా వాడుటకు అనుమతినిచ్చినచో ఖరీదైన స్తంభము తప్పును. డాబా ఎత్తు ఉచితముగా వచ్చును. 2024 మార్చిలో రైతు వేదికలనుండి ‘రైతు నేస్తము’ దృశ్య సమావేశములు ఆరంభమైనవి. అట్టి సమావేశములో విన్న సలహాను చేనిలో ఆచరించునప్పుడు వచ్చు సందేహము తిరిగి చేరుటకు ఇది త్రోవ యగును. పరికరము తాళము ఎవరి వద్ద ఉండవలెనో, చెడినప్పుడు ఎవరు ఎక్కి చూతురో ముందుగా తీర్మానములో వ్రాసికొనవలెను. అందరిదైన పెట్టెను ఎవరును తుడువరు.

నెలకొక్కసారి

1. పలకను, గొడుగు రేకును తుడువుడు. 2. పెట్టె మూత తీసి తేమ, చీమలు ఉన్నవేమో చూడుడు. 3. బ్యాటరీ వోల్టేజి వ్రాసికొనుడు. పూర్తి ఛార్జిలో 12.5 కు దిగుచున్నచో అది వృద్ధాప్యపు గుర్తు. 4. సిగ్నలు అంకెను తేదీతో వ్రాసికొనుడు. పంట ఎదుగుకొలది అంకె పెరుగుచున్నచో స్తంభము ఎత్తు చాలలేదన్నమాట. 5. లాగుడు తీగలు, మేకులు బిగింపుడు.

పనికిరాకపోయిన బ్యాటరీని గుంటలో పారవేయక అంగడివానికి తిరిగి ఇవ్వవలెను. అందలి సీసము నేలను, నీటిని విషము చేయును. రాగి కొరకు తీగలను కాల్చరాదు.

చెప్పినవన్నియు ఒకేసారి చేయనక్కరలేదు. ఈ వారము డాబా ఎక్కి బావి వైపు చూడుడు. నడుమనున్న చెట్లను, ఎదుగబోవు పంటను, కరెంటు తీగలను ఒక కాగితముపై గీసికొనుడు. ఆ కాగితముతో మీ వ్యవసాయ విస్తరణాధికారిని గాని, బెల్లంపల్లి కృషి విజ్ఞాన కేంద్రమును గాని, మమ్ములను గాని కలిసికొనిన సలహా ఇత్తుము. చోటు కుదరదని తేలినచో అదియు మేలే, పైకము మిగులును. కుదిరినచో ఈసారి ప్రత్తి కాయలో పురుగు కనబడిన నాడు మీ ప్రశ్న చేని గట్టునుండియే బయలుదేరును, జవాబు పొద్దు గ్రుంకకముందే గట్టుకు చేరును.